రాజేశం కార్డుకు కోత లేదు

"తలుపు దగ్గరకేసి వెళ్ళమ్మాయ్."

"వెయ్య సారు. తెరిచే ఉండనీ."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. తలుపు బార్లా తెరిచి మెట్లు దిగాను. మూడో అంతస్తు నుంచి కిందికి వచ్చేదాకా, వెనక తలుపు పడ్డ చప్పుడు వినబడుతుందేమో అని చెవి అటే పెట్టాను. వినబడలేదు. లేచి వేసుకోవడానికి ఆయనకు కాళ్ళు రాలేదన్నమాట. నాకు సంతోషమైంది. సుజాతా, అట్లాగే రాయి. సంతోషమైంది.

అది ఎండలు ముదరక ముందు సంగతి. మొన్న మంగళవారం బడి బస్సులో పిల్లలను దించి వస్తుంటే సారు ఇంటికి వచ్చిపోయే ప్రసాదు ఫోను చేసి ఆయన పోయాడని చెప్పాడు. రెండు రోజులు డ్యూటీకి రాలేదని ఆయన పనిచేసే కొట్టువాళ్ళు వెళ్ళి చూశారట. మస్కట్ నుంచి శవాన్ని ఊరికి పంపే కాగితాలు తయారవుతున్నాయట. కార్డులవాళ్ళంతా కలిసి సారు జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారట, ఎవరికి గుర్తున్నది వాళ్ళు రాసివ్వాలట.

"నువ్వు రెండేళ్ళు వండిపెట్టావు కదక్కా, నువ్వూ రెండు ముక్కలు చెప్పు" అన్నాడు.

చెప్తాను అన్నాను. కానీ ఇది రెండు ముక్కల్లో అయ్యేది కాదు.

నాకు రాయడం రాదు. సంతకం వస్తుంది, బస్సు నంబర్లు గుర్తుపడతాను. ఇదే దేశంలో షినాస్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో పిల్లలను చూసుకునే నా ఆడబిడ్డ సుజాత పదో తరగతి చదివింది. రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి నేను చెప్పింది రాస్తున్నది. సారు పేరు మాత్రం నేను చెప్పను. పుస్తకం అట్ట మీద వాళ్ళు ఎట్లాగూ పెద్ద అక్షరాలతో వేస్తారు. నా కాగితాల్లో ఉండదు. ఎందుకు ఉండదో కూడా చెప్తాను.

కార్డులంటే పేకముక్కలు కావు. మా చిన్నతనంలో బబుల్‌గమ్ పొట్లాల్లో క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు వచ్చేవి, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దవి. పిల్లలు జేబుల్లో కుక్కుకుని, గోలీలాటలో పందెం కాసి, బడి గోడలకు అంటించి పాడుచేశారు. పాడు కాకుండా మిగిలినవి ఇప్పుడు ఫోన్లలో వేలానికి వస్తున్నాయి. ఎక్కడో కూర్చున్నవాడు ఫొటో పెడతాడు, ఇంత గడువు అంటాడు, మస్కట్‌లో కూర్చుని వీళ్ళు పాట పెంచుతారు. వస్తువు చేతికి వచ్చేదాకా ఎట్లా ఉందో తెలియదు. ఫొటోలో నున్నగా ఉంటుంది. పొట్లం విప్పితే మడత ఉంటుంది, మూల నలిగి ఉంటుంది. నలిగిన మూల కనబడకుండా ఎవరో అంచు మొత్తాన్ని సన్నగా కోసి కొత్తదానిలా చేసి కూడా ఉంటారు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఈ కోత. నలిగిన కార్డును కొనేవాడు ఉంటాడు, కోసిన కార్డును ఎవరూ ముట్టరు. కోసినవాడితో మాట కూడా కలపరు.

ఇది కోసిందా కాదా అని తేల్చేవాడు మస్కట్‌లో సారు ఒక్కడే అని వాళ్ళ నమ్మకం. వాడి కబీర్ అనే పేటలో కార్ల విడిభాగాల కొట్టులో ఆయన స్టోరు కీపరు. ప్రతి శుక్రవారం పొద్దున ఆయన ఇంట్లో ఐదారుగురు చేరేవాళ్ళు. ఆ వారం ఎవరికి పొట్లం వచ్చినా విప్పకుండా తేవాలి. నలుగురి ముందు బల్ల మీద విప్పాలి. అది ఆయన పెట్టిన నియమం. "ఒంటరిగా విప్పిన పొట్లానికి సాక్షి ఉండడు" అనేవాడు.

శుక్రవారం ఆయన్ను చూస్తే పూజకు కూర్చునే మనిషిలా ఉండేవాడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, వేరే ఎవరూ ముట్టని తువ్వాలుతో తుడుచుకుని, ఆపరేషన్ చేయబోయే డాక్టరులా రెండు చేతులూ పైకి పట్టుకుని గదిలోకి వచ్చేవాడు. ఆ రోజు ఇంట్లో పోపు వేయకూడదు, నూనె పొగ కార్డుల మీద కూర్చుంటుందట. వేళ్ళకు జిడ్డు తగలకూడదని గోంగూర పప్పును చెంచాతో తినేవాడు. గుంటూరు వైపు మనిషి, గోంగూర పప్పు చెంచాతో తింటూ ఎంత కష్టపడేవాడో నేను చూశాను. ఎండాకాలంలో ఇక్కడి గాలి తేమకు కార్డులు వంగుతాయని, ఏసీ ఉన్న గది కార్డులకు ఇచ్చి తను హాల్లో చెమటలు కక్కుతూ పడుకునేవాడు.

ఎవరైనా ఇంటికి వస్తే మొహం చూసేవాడు కాదు. కాలరు మొనలు చూసేవాడు, చెప్పుల మడమలు చూసేవాడు. "మధ్యలో అందరూ బాగానే ఉంటారమ్మాయ్. అరిగేది మూలలే" అనేవాడు. వేలంలో ఫొటోలు చూసేటప్పుడు, "అమ్మేవాడు ఏ మూల మీద వేలు అడ్డం పెట్టాడో, దెబ్బ అక్కడే ఉంటుంది" అనేవాడు. కార్డు బాగుంటే చూపుడు వేలితో ఎడమకు జరిపేవాడు. బాగా లేకపోతే కుడికి జరిపేవాడు. కుడికి జరిపే ముందు "పాపం" అనేవాడు. ఆ పాపం కార్డు మీద జాలి. తెచ్చినవాడి మీద కాదు.

నా భర్త రాజేశం. పేరు సరిగ్గా రాయి సుజాతా, మీ అన్న పేరు. వాడి కబీర్‌లోనే ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పద్నాలుగేళ్ళు కటింగ్ మిషను మీద పనిచేశాడు. ఇంత ఎత్తు కాగితం కట్ట పెట్టి ఒక్క దెబ్బకు కోసే మిషను అది. కోసిన కట్ట అంచు మీద అరచేతితో నిమిరి, బ్లేడు ఎప్పుడు సానకు పంపాలో చెప్పేవాడు. జగిత్యాల దగ్గర పల్లెలో నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మొదలుపెట్టిన బబుల్‌గమ్ బొమ్మలు ఆయన దగ్గర ఇంకా ఉండేవి. ఒక్కటి తక్కువ, ఎడమచేతి బౌలరుది. అది వేలానికి వస్తే పదకొండు రోజులు ఫోను పట్టుకుని కూర్చుని పాడుకున్నాడు.

పొట్లం సోమవారం వచ్చింది. ఇంట్లో పేపరు పరిచి విప్పబోయాడు.

"శుక్రారం దాక ఆగరాదు?" అన్నాను.

"ముప్పై ఐదేండ్లు ఆగిన. ఇంక నాల్గు దినాలు నాతోని గాదు" అన్నాడు.

ఆయన చేసిన తప్పు అదొక్కటే. నా ముందు విప్పాడు. తన దగ్గరున్న పాత కార్డు మీద పెట్టి చూస్తే కొత్తది కింది వైపు వెంట్రుకంత పొట్టిగా ఉంది. మొహం మాడ్చుకుంటాడనుకున్నాను. నవ్వాడు.

"ఇది ప్రెస్సుల పడ్డ కోతనే. కట్ట మీద బిగింపు లూజుంటే మీది కాయితాలు జరుగుతయ్. ఇగో, ఈడ గోరు పెట్టు."

కింది అంచు మీద, ఎడమ మూల నుంచి బియ్యపు గింజంత దూరంలో, గోరుకు సన్నని గీత తగిలింది. కంటికి కనబడదు.

"బ్లేడుకు నొక్కు పడితే కోసిన ప్రతి కాయితం మీద అదే జాగల గిట్ల గీత వస్తది. ఇంట్ల కూసొని కోసినోనికి గిది రాదు. షీటుల దీని మీదున్న కార్డుకు, కిందున్న కార్డుకు గూడ ఇదే గీత ఉంటది" అన్నాడు.

శుక్రవారం కార్డు పట్టుకుని వెళ్ళాడు. అక్కడ జరిగింది నేను చూడలేదు కాని, పోయేదాకా ఆయన రోజూ చెప్పిందే చెప్పాడు. అందుకని నాకు కంఠస్థం.

"పొట్లమేదయ్యా?" అన్నాడట సారు.

"ఇంట్లనే ఇప్పిన సారు."

"ఎవరి ముందు?"

"మా ఇంటిదాని ముందు."

గదిలో నవ్వారట. సారు దీపం కింద పెట్టి, కొలత పెట్టి, భూతద్దం పెట్టి చూశాడట.

"నువ్వేం పనిచేస్తావు?"

"ప్రెస్సుల కటింగ్ మిషన్ మీద సారు."

"మరింకేం" అన్నాడట. అప్పుడు ఎవరూ నవ్వలేదట. రాజేశం నొక్కు సంగతి చెప్పాడు, కింది అంచు మీద గోరు పెట్టి చూడమని బతిమాలాడు. అంచుకు గోరు తగిలితే పాడవుతుంది, ఏ కార్డుకూ గోరు పెట్టను అన్నాడట సారు. "కథ మనిషి చెబుతాడయ్యా, కార్డు చెప్పదు" అన్నాడట. పాపం అని కుడికి జరిపాడు.

ఆ రోజు సాయంత్రం వాళ్ళ ఫోను గ్రూపులో ఆ కార్డు ఫొటో పెట్టి, కింది అంచు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, కోత అని రాశారు. కింద రాజేశం పేరు. ఆ గ్రూపులో ఆయన ప్రెస్సు సూపర్వైజరు కూడా ఉన్నాడు, శుక్రవారాలు వచ్చేవాడు. ఆదివారం డ్యూటీకి పోతే మిషను తాళం తీసుకున్నారు. కంపెనీ మిషను మీద సొంత పని చేసి దొంగ సరుకు తయారుచేస్తున్నాడని ముదీరు, అంటే మేనేజరు, దాకా పోయింది మాట. ముదీరు ఎవరినీ అడగలేదు. రాజేశాన్ని వ్యాను మీద వేశారు, కాగితం కట్టలు మోసి దించే పని. పద్నాలుగు నెలలు మోశాడు. జూలైలో అల్ మవాలేలో ఒక కొట్టు ముందు కట్ట భుజం మీద పెట్టుకునే కూలబడ్డాడు. అంబులెన్సు వచ్చేసరికి లేడు.

సారు చంపాడని నేను అనను. కాగితం బరువుకు గుండె ఆగింది. ఆ బరువు కిందికి పంపింది ఆయన నోటి నుంచి వచ్చిన ఒక్క మాట. అంతవరకే అంటాను.

నాకు బడి బస్సులో ఆయా పని ఉంది, నా వీసా నాది. అందుకని ఊరికి పోలేదు. సారు వంటమనిషి కోసం చూస్తున్నాడని ఆ బిల్డింగు వాచ్‌మన్ చెబితే వెళ్ళాను. బస్సు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. మధ్యలో వంట. శుక్రవారం పూర్తిగా అక్కడే. నన్ను ఆ గదిలో ఎవరూ ఎరగరు. సూపర్వైజరు కూడా ఎరగడు. రాజేశం పోయిన రోజు ఆయన మనిషిని పంపాడే కాని రాలేదు.

నేను అబద్ధం ఆడి చేరలేదు. నీ ఆయన ఎవరు అని అడిగితే చెప్పేదాన్ని. ఆ జవాబు నోట్లో పెట్టుకునే రోజూ వెళ్ళాను. రెండేళ్ళలో సారు అడగలేదు. ఎక్కడి దానివి అని అడిగాడు, పప్పులో చింతపండు ఎంత వేస్తావు అని అడిగాడు. వంటమనిషికి ఒక మొగుడు ఉంటాడని, వాడికి ఒక పేరు ఉంటుందని ఆయనకు తోచలేదు. అందుకే సారు పేరు నా నోటి నుంచి రాదు.

మొదట్లో ఏం చేయాలో నాకు తెలియదు. పగ ఉంది కాని దానికి చేతులు లేవు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడని తెలిసి చిటికెడు ఎక్కువ వేశాను. "అబ్బ, ఈ రోజు కూర భలే ఉందమ్మాయ్, ఇలాగే చెయ్యి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మర్నాటి నుంచి సరిగ్గానే వేశాను.

తర్వాత చేసింది మాత్రం తెలిసి చేశాను. ఆయనకు ప్రాణమైన కార్డు ఒకటి ఉండేది, ఒక బ్యాట్స్‌మన్‌ది. వేలంలో ఎవరితోనో ఆఖరి నిమిషం దాకా పోటీపడి తెచ్చుకున్నాడు. మూలలు వేలికి గుచ్చుకునేంత పదును. దాన్ని చూపిస్తూ "ముట్టుకోకు" అనేవాడు. ఒక గురువారం ఆయన కొట్టుకు పోయాక దుమ్ము దులుపుతూ దాన్ని ప్లాస్టిక్ తొడుగులోంచి తీశాను. పైమూల మీద బొటనవేలు పెట్టి నొక్కాను. మిరపకాయ తొడిమ తుంచినంత సేపు. మళ్ళీ తొడుగులో పెట్టేశాను.

సుజాత పెన్ను ఆపింది.

"వదినె, గిది గూడ రాయాల్నా?"

"రాయి."

"వాళ్ళంత సదువుతరు గద."

"సదవనీ."

శుక్రవారం ఆయన దాన్ని బయటికి తీశాడు. చాలా సేపు చూశాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఎవరు చేశారు అని అడుగుతాడు, నేనే అంటాను, ఎందుకు అంటాడు, రాజేశం పేరు ఆయన మొహాన కొడతాను. అంతా సిద్ధం చేసుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నా చేతులు చెడిపోయాయమ్మాయ్" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన కార్డు ముట్టుకోలేదు. చేతులు నిజంగానే వణకడం మొదలైంది. అంతకు ముందు నుంచే ఉందో, ఆ మూల చూశాకే వచ్చిందో నాకు తెలియదు. "నీ చేతులు పొడిగా ఉంటాయి, నువ్వు పట్టుకో, నేను చూస్తాను" అన్నాడు. అట్లా నేను దీపం పక్క కుర్చీలో కూర్చున్నాను. నేను పాడుచేసిన మూలే నాకు ఆ కుర్చీ ఇచ్చింది.

నాకు అఆలు నేర్పినవాళ్ళు లేరు. మూలలు నేర్పింది ఆయన. ముందు వెనక వైపు చూడు, మొహం ఆఖరున చూడు అన్నాడు. దీపాన్ని ఏటవాలుగా పెట్టించేవాడు. వెలుగు కదిలిస్తే గీత మెరిసి మాయమైందా, గీరుకుపోయినట్టు. ఎటు తిప్పినా అట్లాగే ఉందా, అచ్చులోనే పడ్డట్టు. బొమ్మ చుట్టూ తెల్ల అంచు నాలుగు వైపులా సమంగా ఉందా అని కళ్ళు సగం మూసి చూడాలి. పాత కార్డుకు అంచు మాత్రం కొత్త బియ్యంలా తెల్లగా ఉంటే అనుమానించాలి. నేను తప్పు చెబితే విసుక్కోలేదు. "మళ్ళీ చూడు, తొందరేం లేదు" అనేవాడు. ఒకే మాట పది సార్లు చెప్పాడు.

ఇది విని నా కోపం కరిగిందనుకుంటారేమో. పెరిగింది. ఇంత ఓపిక ఉన్నవాడు ఆ రోజు రాజేశానికి రెండు నిమిషాలు ఇవ్వలేకపోయాడు. వంటమనిషి చేతిని నమ్మాడు, కటింగ్ మిషన్ మనిషి చేతిని నమ్మలేదు. నన్ను ఎందుకు నమ్మాడంటే నేను ఏమీ ఎరగనిదాన్ని. ఆయనకు పని తెలిసినవాడి మాట పడదు.

పోయిన చలికాలం చివర్లో పాత ఆల్బం తొడుగులు మారుద్దాం అన్నాడు. ఆయన సొంత కార్డులు, ఏళ్ళ కింద వేలాల్లో కొన్నవి. ఒక్కొక్కటి తీసి కొత్త తొడుగులో పెడుతున్నాను. అంచులు పట్టుకునే తీయాలి. వికెట్ కీపరు బొమ్మ ఒకటి తీశాను. కింది అంచు మీద, ఎడమ మూల నుంచి బియ్యపు గింజంత దూరంలో, నా గోరుకు గీత తగిలింది.

నేను ఆగిపోయాను. ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

"ఏమ్మాయ్, ఏమైనా దెబ్బా?"

"ఏం లేదు సారు."

పక్క కార్డు తీసి దాని మీద పెట్టాను. వికెట్ కీపరు కింది వైపు వెంట్రుకంత పొట్టి. తన ఆల్బంలో, మొదటి పేజీలో, బాగున్నవాటిలో పెట్టుకున్నాడు దాన్ని. తను కొన్నదానికి కొలత పెట్టలేదు. తన కన్ను కొన్నది కాబట్టి కోతై ఉండదనుకున్నాడు. ఏ అంచుకూ గోరు తగలనివ్వడు కాబట్టి ఆ గీత ఇన్నేళ్ళూ ఆయన ఇంట్లోనే ఉండి ఆయనకు తెలియలేదు.

ఆ వారం ఎట్లా గడిచిందో నాకు గుర్తులేదు. శుక్రవారం రాజేశం కార్డు కొంగులో కట్టుకుని వెళ్ళాను. ఆ రోజు ప్రసాదు, సూపర్వైజరు, ఇంకో ముగ్గురు ఉన్నారు. వచ్చిన పొట్లాలు విప్పడం అయింది. నేను దీపం పక్కనే కూర్చున్నాను.

"నాది గూడ ఒకటున్నది సారు. సూస్తరా?"

అందరూ నవ్వారు, మంచిగానే. "ఈవిడకీ పట్టింది" అన్నాడు ప్రసాదు.

"పట్రా, చూద్దాం" అన్నాడు సారు.

ముందు ఆల్బంలోంచి వికెట్ కీపరు తీసి నల్లగుడ్డ మీద పెట్టాను. ఇది మీదే అన్నాను. దాని పక్కన రాజేశం బౌలరును పెట్టాను.

"కింది అంచులు సూడుండ్రి."

ఆయన భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. చేతితోపాటు అద్దం వణుకుతున్నది. కొలత పెట్టమన్నాడు. ప్రసాదు పెట్టాడు. రెండూ ఒకే పొట్టి.

"ఇది నీకెక్కడిది?"

"మా ఇంటాయనది సారు."

"ఎవరు మీ ఆయన?"

"ఇప్పుడడిగిండ్రు. రాజేశం. ప్రెస్సుల కటింగ్ మిషన్ మీద చేసినోడు. మీరు కోత అన్న మనిషి."

నేను ప్రసాదు వైపు తిరిగాను.

"గోరు పెట్టు తమ్మీ. ఎడమ మూల కెల్లి బియ్యపు గింజంత."

ప్రసాదు సారు మొహం చూశాడు, తర్వాత గోరు పెట్టాడు. మొదట ఒకదానికి, తర్వాత రెండోదానికి.

"ఉందండీ. రెండింటికీ ఒకే చోట ఉంది."

సూపర్వైజరు కూడా వంగి గోరు పెట్టి చూశాడు. చూసి, గొంతులోనే అన్నాడు, "బ్లేడు నొక్కు."

"గిది మీకెర్కనే?" అన్నాను. "ఆనాడు ఎర్క లేకపాయెనా? తాళం తీస్కునేటప్పుడు?"

ఆయన ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

"ఒక్కసారి చూసి ఏం చెప్పలేం" అన్నాడు సారు. "మళ్ళీ చూడాలి."

"రెండు కోసినయన్న అనుండ్రి సారు, రెండు కోయనియన్న అనుండ్రి. ఏదన్న ఒక దిక్కు జరుపుండ్రి."

ఆయన చూపుడు వేలు తన కార్డు మీద పెట్టాడు. అందరూ ఆ వేలు వైపే చూస్తున్నారు. ఎడమకు జరిపితే రాజేశం కార్డును కూడా ఎడమకు జరపాలి. కుడికి జరిపితే తన ఆల్బం మొదటి పేజీ కోతల పేజీ అవుతుంది. వేలు ఎటూ పోలేదు. చాలా సేపు అట్లాగే ఉంది. ఆఖరుకు వేలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. వెళ్తూ ఎవరూ సారుకు చెప్పి వెళ్ళలేదు. నేను నా కార్డు తీసుకుని కొంగులో కట్టుకున్నాను.

"నా దగ్గర పనికి చేరింది ఇందుకేనా?" అన్నాడు.

"ఔ సారు."

ఆయన తల ఊపాడు. తప్పయింది అనలేదు. ఆ ఒక్క మాట కోసం చెప్పులు వేసుకోవడం ఆలస్యం చేశాను. నిజం. ఆ మాట ఆ రోజు వచ్చి ఉంటే నేను ఏమయ్యేదాన్నో నాకు తెలియదు. రాలేదు. తలుపు మాట వచ్చింది.

తర్వాత శుక్రవారాలు ఆగిపోయాయని విన్నాను. సారు ఫోను గ్రూపులో ఏమీ రాయలేదు. మిగతావాళ్ళూ రాయలేదు. రాజేశం కార్డు ఫొటో, ఎర్ర సున్నా, కోత అన్న మాట, అన్నీ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. సుజాత నిన్న తెరిచి చూపించింది. దాని కిందే ఇప్పుడు సారు ఫొటోకు దండ వేసి పెట్టారు. గొప్ప కన్ను పోయింది అని ఒకరు రాశారు.

పొద్దున ప్రసాదు ఫోను చేసి అయిందా అక్కా అని అడిగాడు. ఏం చెప్తున్నానో చెప్పాను.

"పోయినవాళ్ళ గురించి మంచే రాయాలి కదక్కా" అన్నాడు.

"మావోడు గూడ పోయిండు తమ్మీ. ఆయన గురించి ఎవరు మంచి రాసిండ్రు?"

"అది కాదక్కా, ఇంట్లోవాళ్ళు చూస్తారు, ఆయన పిల్లలు చూస్తారు."

"సూడనీ. నీ గోరుకు తగిలిందా లేదా, అది చెప్పు."

"తగిలింది."

"మరి నువ్వు రాసేదాంట్ల అది ఉన్నదా?"

ముందు పంపక్కా, చూద్దాం అన్నాడు. చూద్దాం కాదు, మొత్తం వేయాలి, ఒక్క మాట తీసినా నా కాగితాలు నాకు తిరిగి ఇచ్చేయాలి అన్నాను. సారు చెప్పని మాట ఆయన పుస్తకంలోనే అచ్చు కావాలి. రాజేశం కార్డు కోసింది కాదు. ప్రెస్సులో కోత పడ్డది పడ్డట్టే ఉంది. కోత అన్నవాడికి తెలిసి కూడా నోరు రాలేదు.

సుజాత ఆ మూల నొక్కిన ముక్క తీసేద్దామంటున్నది. అన్న పేరు నిలబెట్టడానికి రాస్తూ నీ పేరు పాడుచేసుకుంటావేంది వదినె అంటున్నది. వద్దు, ఉండనీ. వేలంలో పెట్టేవాడు తన వస్తువు దెబ్బ దాస్తే వాణ్ణి ఎవరూ నమ్మరు, అది సారు నేర్పిందే. నా దెబ్బ నేనే చూపించాను. ఇక మిగతాది నమ్మక తప్పదు.

ఆయన చేతులు చెడలేదు, ఆ మూల నేను నొక్కాను అని ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు గడప దగ్గర ఒక్క ముక్క చెప్పి ఉంటే తేలిగ్గా పోయేవాడేమో. నాలుక దాకా వచ్చింది. మింగేశాను. రాజేశం పద్నాలుగు నెలలు తను చేయని తప్పు మోశాడు. సారు కూడా మోసి పోయాడు. నాకు పశ్చాత్తాపం ఉందా అని ఎవరైనా అడిగితే, అడిగిన రోజు చెప్తాను. ఈ రోజు లేదు.

ఇగ చాలు సుజాతా. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. మెల్లగా చదువు, నేను కళ్ళు మూసుకుని వింటాను. నువ్వు మెత్తగా మార్చిన మాట ఏదన్నా ఉంటే అక్కడ ఆపుతాను. కిటికీ వేయకు, కింద నిలబడ్డవాళ్ళు వింటే విననీ. మీ అన్న పేరు వచ్చిన చోట గొంతు తగ్గించకు.